దేహమును బట్టి సిగ్గుపడవలెనా?

ధ్యాన భాగములు: 1 సమూయేలు 16:1–13, 1 కొరింథీయులకు 6:19, 20



గడచిన వేసవిలో మన సంఘములలో ఒకదానియందు పెండ్లి విందు జరిగినది. పంక్తిలో కూర్చున్న ఒక సహోదరిని చూచి, వడ్డించుచున్న యువకుడు, "అక్కకు రెండు విస్తర్లు వెయ్యుండ్రి, ఒక్కటి సాలదు" అనెను. పంక్తియంతయు నవ్వినది. నేనును చిరునవ్వు నవ్వితిని. ఆమెయు నవ్వినది గనుక ఆ మాట అంతటితో పోయినదని తలంచితిని. తరువాత మూడు ఆదివారములు ఆమె ఆరాధనకు రాలేదు. మన కూటములలో పాట ఎత్తుకొను గొంతు ఆమెదే గనుక, ఆ లోటు అందరికిని తెలిసినది.

నేనును నా భార్యయు ఆమె యింటికి వెళ్లితిమి. ఆమె చాలసేపు ఏమియు మాటాడలేదు. తుదకు ఇట్లనెను: "అయ్యగారూ, బల్లకాడికి నడిచి వస్తుంటే అందరి కండ్లు నా ఒంటి మీదనే ఉన్నట్టు ఉంటది. దేవుని దిక్కు చూద్దామన్నా నా మనసు నా ఒంటి మీదికే పోతది. దవాఖానకు పోవుడు గూడ బందు పెట్టిన."

ఆమె సెలవు తీసికొని, పేరు చెప్పక, ఈ సంగతి వ్రాయుచున్నాను. ఒక నవ్వు ఒక విశ్వాసిని ప్రభువు బల్లకు దూరము చేయగలిగినయెడల అది చిన్న సంగతి కాదు. కాబట్టి రెండు ప్రశ్నలను వాక్యపు వెలుగులో ఆలోచింతము. లావుగా నుండుట సిగ్గుపడదగిన తప్పా? తప్పు కానియెడల, దేహమును గూర్చి శ్రద్ధ అక్కరలేదా?

తిండిపోతుతనమును లేఖనము ఖండించుచున్నది (సామెతలు 23:20, 21). ఇది నిజమే. అయితే తిండిపోతుతనము హృదయములోని దురాశ. లావు దేహముయొక్క ఆకారము. ఈ రెండును ఒకటి కావు. బక్కపలుచని మనుష్యుడును తిండిపోతు కావచ్చును. లావుగానున్న స్త్రీ అర్ధాకలితో పండుకొనవచ్చును. మన యిండ్లలో భర్తకును పిల్లలకును పెట్టి, పప్పు అయిపోయిన తరువాత మిగిలిన అన్నమును పచ్చడితో తినునది తల్లియే గదా! కాన్పుల తరువాత ఒళ్లు వచ్చును. గొంతులోని థైరాయిడు గ్రంథి మందగించినను వచ్చును. కొన్ని మందుల వలనను, తలిదండ్రులనుండి సంక్రమించిన దేహతత్త్వము వలనను వచ్చును. ఎవరికి ఏ కారణమో విస్తరి చూచి తీర్పు చెప్పుటకు మనమెవరము? సుంకరులతోను పాపులతోను భోజనము చేసిన మన ప్రభువును సహా ఆ కాలపువారు తిండిపోతని నిందించిరి (మత్తయి 11:19). పంక్తిలో కూర్చున్నవారిని చూచి వారి ఆత్మను తూచువారు ఎంత ఘోరముగా పొరబడుదురో దీనివలన తెలిసికొనవచ్చును.

మనుష్యుల కొలత నిలుకడ లేనిది. బబులోనులో దానియేలును అతని స్నేహితులును పది దినములు శాకాహారము తిని, ఇతరులకంటె పుష్టిగా కనబడినందున వారు మంచి స్థితిలో ఉన్నారని ఎంచబడిరి (దానియేలు 1:15). మన పెద్దలును కోడలు "ఒళ్లు చేసింది" అని విన్నప్పుడు, అత్తవారింట సుఖముగా నున్నదని సంతోషించెడివారు. నేడు అదే మాట నింద యైనది. ఎత్తుతో బరువును సరిచూచి ఆసుపత్రులలో నేడు వేయు లెక్కకు మూలము, 1830 దశకములో బెల్జియము దేశీయుడైన అడాల్ఫ్ కెట్లే ఇచ్చిన సూత్రము. ఆయన వైద్యుడు కాడు, గణితశాస్త్రజ్ఞుడు. జనసమూహముల సగటును తెలిసికొనుటకు ఆ లెక్క వేసెను. వైద్యునికి అది ఒక సూచనగా ఉపయోగపడును గాని మనుష్యుని విలువకు కొలబద్ద కాజాలదు. సమూయేలు ప్రవక్త అంతటివాడు యెష్షయి యింట ఏలీయాబు ఎత్తును రూపమును చూచి, ఇతడే రాజని తలంచెను. దేవుడు ఆయన కొలతను త్రోసివేసి, తాను హృదయమును చూచువాడనని తెలియజేసెను.

1962లో విడుదలైన "గుండమ్మ కథ" చిత్రములో గుండమ్మ పాత్ర ధరించిన సూర్యకాంతము గారిని మనలో పెద్దలు ఎరుగుదురు. ఆమె కాకినాడ ప్రాంతమువారు, 1994లో గతించిరి. గయ్యాళి అత్త అనగానే జనులకు ఆమె రూపమే తోచెడిది. ఆమెతో కలిసి పనిచేసినవారు మాత్రము ఆమె మెత్తని మనస్సును, పెట్టే చేతిని గూర్చి చెప్పుకొనిరి. తెరమీది మాట తెరమీదనే నిలువలేదు. లావుపాటి స్త్రీని "గుండమ్మ" అని వెక్కిరించుట మనమందరము వినియున్నాము. వేషమును చూచి మనిషిని ఎంచుట ఒక తప్పు. ఒళ్లు చూచి గుణమును ఎంచుట అంతకంటె పెద్ద తప్పు.

మరియొక తెలుగు ఆడబిడ్డను జ్ఞాపకము చేసికొనుడి. శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరము సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల తరగతిలో పోటీచేసి, ఒకసారి 110 కిలోలు, మరియొకసారి 130 కిలోలు తలపైకెత్తి కాంస్య పతకము పొందినది. ఒలింపిక్సులో పతకము పొందిన మొదటి భారత స్త్రీ ఆమెయే. ధాన్యము కొనుగోలు కేంద్రములో 40 కిలోల బస్తాలు మూడు ఒక్కసారిగా ఎత్తినను 130 కిలోలు కావు. ఆ భుజములు, ఆ తొడలు సన్నగా నుండవలసినదని ఎవరైన అందురా? అయితే పతకము వచ్చినందుననే ఆ దేహమునకు ఘనత కలిగినదని తలంచకుడి. మిరపతోటలో వంగి కాయలు ఏరు స్త్రీ దేహమునకును, తునికాకు కట్టలు మోసి మోకాళ్లు అరిగి నేడు మంచముపట్టిన వృద్ధురాలి దేహమునకును అదే ఘనత కలదు. ఏలయనగా ఆ ఘనత పనివలన కలిగినది కాదు, చేసినవానివలన కలిగినది (కీర్తన 139:14).

ఇక రెండవ ప్రశ్న. సిగ్గుపడనక్కరలేదని చెప్పినయెడల, ఆరోగ్యమును అలక్ష్యము చేయుదురేమో అని కొందరు భయపడుదురు. అపొస్తలుడు మన దేహము పరిశుద్ధాత్మకు ఆలయమనియు, మనము మన సొత్తు కాముగనుక దేహముతో దేవుని మహిమపరచవలెననియు నేర్పుచున్నాడు. ఆలయములన్నియు ఒకే కొలత గలవి కావు. దోర్నకల్లులో 1939లో ప్రతిష్ఠింపబడిన ఎపిఫనీ దేవాలయపు బలమైన స్తంభములను చూచి ఎవరును ఎగతాళి చేయరు. మన అడవి పల్లెలలోని రేకుల ప్రార్థనశాల చిన్నదని ప్రభువు అందులోనికి రాక మానడు. అయితే పెద్ద గుడికైనను చిన్న గుడికైనను ఊడ్చువారు కావలెను, కప్పు కారినప్పుడు బాగుచేయువారు కావలెను. ఆలయమును బాగుచేయుట వేరు, దానిమీద ఉమ్మివేయుట వేరు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, తెలంగాణలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 30 మంది అధిక బరువు గలవారు, సుమారు 19 మంది తగినంత బరువు లేనివారు. సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత కలదు. ఒళ్లు ఉన్నది గనుక రక్తము ఉన్నదని తలంచుట పొరపాటు. అధిక బరువువలన చక్కెర వ్యాధి, రక్తపోటు, మోకాళ్ల నొప్పులు వచ్చు అవకాశము హెచ్చగును. సన్నగా నున్నవారికిని ఇవి రావచ్చును. కాబట్టి పరీక్ష చేయించుకొనుట అందరికిని మేలు. నా పరిచర్యలో ఎగతాళివలన ఆరోగ్యము పొందినవారిని నేను చూడలేదు. ఎగతాళివలన ఆసుపత్రికి వెళ్లుట మానినవారిని చూచితిని. సిగ్గు తలుపు మూయును. ప్రేమ తలుపు తెరచి, "పద అక్కా, నేనును నీతో వస్తాను" అనును.

కాబట్టి సహోదరులారా, భార్యను పదిమందిలో ఆమె ఒంటిని గూర్చి పరిహసింపకుడి. తల్లులారా, లావుగానున్న పిల్లను పెండ్లిచూపుల నాడు అపరాధివలె కూర్చుండబెట్టకుడి. ఆ పిల్ల లావును చూపి కట్నము హెచ్చించి అడుగుట దేవుని పనితనమునకు వెల కట్టుటయే. ఇంటిలో తల్లి అందరితో కూడ కూర్చుండి పప్పును ఆకుకూరయు తినునట్లు చూడుడి. యౌవనస్థులారా, మీకు హాస్యమైనది మరియొకరికి అనేక రాత్రుల కన్నీరు కావచ్చును.

సహోదరీ, నీవు సన్నబడిన దినమున ప్రభువు నిన్ను ప్రేమింప నారంభించునని తలంచకుము. నేడు ఉన్న దేహముతోనే నీవు ఆయన బల్లకు పిలువబడితివి. ఆ బల్లయొద్ద తూనిక లేదు. అక్కడ విరువబడిన దేహము ఆయనది. దానిని చూచి జనులు తలలాడించి ఎగతాళి చేసిరి (మత్తయి 27:39). ఎగతాళి యెట్టిదో ఆయన ఎరుగును.

తరువాతి ఆదివారము నేను సంఘము ఎదుట, ఎవరి పేరును ఎత్తక, పంక్తిలో నవ్వినవారిలో నేనును ఒకడనని ఒప్పుకొని క్షమాపణ అడిగితిని. ఆ యువకుడు తానే ఆమె యింటికి వెళ్లి వచ్చెను. గత నెల సంస్కారమునకు ఆమె వచ్చి, వెనుక చాపమీద కూర్చుండి, అందరికంటె కడపట బల్లయొద్దకు నడచి వచ్చినది. ఇంకను పాట ఎత్తుకొనుట లేదు. మేము కనిపెట్టుచున్నాము.

మన కన్నులను, మన నాలుకలను ప్రభువు శుద్ధిచేయును గాక. ఆమేన్.