కొండ మీద నాలుగు రోజులు

రెండు నెలల క్రితం ఒక శుక్రవారం. జుమా నమాజు ముగిసి జనమంతా చెప్పులు వెతుక్కుంటున్న వేళ ఒక సోదరుడు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. వయసు యాభై దాటింది. ఇరవై ఎనిమిదేళ్లుగా బాయి పని చేస్తున్నాడు.

"మౌల్వీ సాబ్, పిల్లలు అరకు పోదామంటున్నరు. కొండ మీద చిన్న కర్ర ఇల్లు కిరాయికి దొరుకుతదట. నాలుగు రోజులు. ఎల్.టి.సి. పైసలున్నయి. మా అబ్బా మాత్రం ఇది ఇస్రాఫ్, ఆ పైసలేవో గరీబులకిస్తే సవాబు కద అంటున్నడు. మీరేమంటరు?"

మీరు చివరిసారి సెలవు పెట్టింది ఎప్పుడని అడిగాను. నవ్వాడు. ప్లేడే వచ్చినా డ్యూటీ వదలలేదట. డబుల్ జీతం వస్తుంది కదా. ఆ తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. "నిద్ర పడ్తలేదు సాబ్. ఇంట్ల ఎవరు మాట్లాడినా కోపమొస్తంది. ఎవరూ పిలువని జాగల ఒక్కణ్ణే కూసోవాలనిపిస్తంది."

అప్పటికి ఏవో నాలుగు మాటలు చెప్పి పంపాను. కాని ఇంటికి వచ్చాక ఆ జవాబు సరిపోలేదనిపించింది. ఈ ప్రశ్న ఆయన ఒక్కడిదే కాదు. మన జ్యోతినగర్‌లో, గోదావరిఖనిలో, యైటింక్లయిన్ కాలనీలో ఇటువంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. 1978లో పునాదిరాయి పడిన మన విద్యుత్ కేంద్రం 2,600 మెగావాట్ల సామర్థ్యానికి పెరిగింది. దానికి రాత్రీ పగలూ లేదు. దానికి బొగ్గు పంపే గనులకూ లేదు. కాని యంత్రం పక్కన నిలబడే మనిషికి మాత్రం రాత్రీ పగలూ రెండూ కావాలి.

సోదర సోదరీమణులారా! విశ్రాంతి సోమరుల వ్యవహారమని మనలో చాలామంది అనుకుంటారు. దివ్య ఖుర్ఆన్ అలా చెప్పలేదు. సూరా నబాలో అల్లాహ్ భూమిని పరుపుగా పరచిన సంగతి, పర్వతాలను మేకులుగా నాటిన సంగతి చెప్పి, ఆ వెంటనే మన నిద్రను ప్రశ్రాంతిగా చేసిన సంగతి చెప్పాడు. పర్వతాన్ని ఏ వరుసలో చెప్పాడో నిద్రనూ అదే వరుసలో చెప్పాడు! అంటే అదీ ఆయన శక్తికి నిదర్శనమే. అదే సూరాలో రాత్రిని ఆచ్ఛాదనగా, పగటిని జీవనోపాధి కోసం చేశానన్నాడు. మరి నైట్ షిఫ్టు వాళ్ల సంగతేమిటని ఒక యువకుడు నన్ను అడిగాడు. మంచి ప్రశ్న. సూరా రూమ్ ఇరవై మూడో ఆయతులో రాత్రి నిద్రతో పాటు పగటి నిద్రను కూడా అల్లాహ్ తన సూచనల్లో చేర్చాడు. కనుక రాత్రంతా గనిలో గడిపి పొద్దున్నే ఇల్లు చేరిన తండ్రి నిద్రపోతుంటే పిల్లలు టీవీ శబ్దం తగ్గించడం కేవలం మర్యాద కాదు, అల్లాహ్ సూచనను గౌరవించడం కూడా.

దైవప్రవక్త (స) తమ సహచరుల విశ్రాంతి విషయంలో ఎంత శ్రద్ధ చూపారో చూడండి. హజ్రత్ అబ్దుల్లా బిన్ అమ్ర్ (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజుతో గడిపేవారు. ఈ సంగతి తెలిసి ప్రవక్త (స) ఆయనను వారించారు. నీ శరీరానికి నీపై హక్కుంది, నీ కళ్లకు హక్కుంది, నీ భార్యకు హక్కుంది అని బోధించారు. ఇది సహీహ్ బుఖారిలో ఉంది. ఆరాధన విషయంలోనే శరీరం హక్కును గుర్తుచేసినప్పుడు డబుల్ జీతం కోసం చేసే ప్లేడే డ్యూటీల సంగతి మనమే ఆలోచించుకోవాలి.

అయితే ఆ సోదరుడి మాటలో ఇంకొకటి ఉంది. 'ఎవరూ పిలువని జాగ.' దీని గురించి కొంచెం నిదానంగా మాట్లాడుకోవాలి.

తిర్మిజీలో హజ్రత్ అబూ హురైరా (రజి) ద్వారా ఒక ఉదంతం మనకు చేరింది. ఒక సహాబీ ప్రయాణంలో రెండు కొండల మధ్య దారి గుండా వెళుతున్నారు. అక్కడ ఒక చిన్న ఊట కనిపించింది. నీళ్లు తియ్యగా ఉన్నాయి. ఆ చోటు ఆయన మనసును పట్టేసింది. జనాన్ని వదిలి ఇక్కడే ఉండిపోతే ఎంత బాగుంటుందో అనుకున్నారు. కాని ఆయన సహాబీ కదా, ప్రవక్త (స) అనుమతి లేకుండా ఆ పని చేయనని తిరిగి వచ్చి అడిగారు. ప్రవక్త (స) వద్దన్నారు. జనం మధ్య అల్లాహ్ మార్గంలో నిలబడటం ఇంట్లో కూర్చుని డెబ్బై ఏళ్లు చేసే నమాజు కన్నా మేలని చెప్పారు.

గమనించండి. ఊటను మెచ్చుకున్నందుకు ఆయనను మందలించలేదు. అక్కడ ఆగి నీళ్లు తాగినందుకూ తప్పుపట్టలేదు. ఉండిపోవాలన్న కోరికకే అడ్డు చెప్పారు.

ఇక్కడ చదువుకున్న పాఠకులు ఒక సందేహం లేవదీయవచ్చు. విశ్వాసి తన ధర్మాన్ని కాపాడుకోవడానికి మేకలను తోలుకుని కొండ శిఖరాలకు వెళ్లే కాలం ఒకటి వస్తుందని బుఖారిలోనే ఉంది కదా అని. ఉంది. అది ఫిత్నాల కాలానికి సంబంధించిన మాట. ధర్మం నిలవని చోటు నుండి ధర్మంతో పారిపోవడం వేరు. భార్యాబిడ్డల మాటలు చెవిన పడకుండా పారిపోవడం వేరు. ఈ రెంటినీ కలిపి, నేనూ ఏకాంతం కోరే సూఫీనే అని చెప్పుకోకూడదు.

ఏకాంతం అనగానే మనకు హిరా గుహ గుర్తుకొస్తుంది. మక్కా సమీపంలోని జబలె నూర్ మీద ఆ గుహ ఉంది. ప్రవక్త పదవి లభించక ముందు మహాప్రవక్త (స) అక్కడికి వెళ్లి పలు రాత్రులు దైవధ్యానంలో గడిపేవారు. ఈ సంగతి మన ప్రసంగాల్లో తరచూ వింటాం. కాని అదే ఉల్లేఖనంలో హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన మరో సంగతిని త్వరగా దాటేస్తాం. ఆయన తినడానికి కావలసింది ఇంటి నుండి తీసుకువెళ్లేవారు. అది అయిపోతే హజ్రత్ ఖదీజా (రజి) దగ్గరకు తిరిగివచ్చి మళ్లీ తీసుకువెళ్లేవారు. అంటే ఆ ఏకాంతం వెనుక ఒక ఇల్లు ఉంది, ఒక ఇల్లాలు ఉంది. తొలి వహీ అవతరించిన రోజు ఏమైంది? ఆయన వణుకుతూ కొండ దిగివచ్చారు. దిగి ఎక్కడికి వెళ్లారు? ఖదీజా (రజి) దగ్గరకే. దుప్పటి కప్పమన్నారు. ఆమె కప్పారు, ధైర్యం చెప్పారు, ఆయన సుగుణాలను ఒక్కొక్కటే గుర్తుచేశారు. మానవ చరిత్రలోనే అతి బరువైన ఘడియ అది. అప్పుడు ఆయనకు నెమ్మది దొరికిన చోటు ఇల్లు.

కనుక 'ఇంట్లో ఉండలేక కొండకు పోవాలనిపిస్తోంది' అనే సోదరుడు కొండను గురించి కాదు, ఇంటిని గురించి ఆలోచించాలి. ఆ ఇంట్లో తన భార్యకు విశ్రాంతి ఉందా? ఆమెకు షిఫ్టు ఎప్పుడు దిగుతుంది? మూడు షిఫ్టుల భర్తకు మూడు వేళల్లో టిఫిన్ కట్టే ఆమెకు ప్లేడే ఎన్నడూ రాదు.

ఇది రాసే అర్హత నాకు పెద్దగా లేదు. ఆరేళ్ల క్రితం నేనూ ఇంటివారినీ పిల్లలనూ తీసుకుని వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు వెళ్లాను. మూసీ నది పుట్టే చోటది, చెట్ల నీడ చల్లగా ఉంటుంది. రెండు రోజులున్నాం. హలాల్ భోజనం దొరకదేమోనని స్టవ్వు, గిన్నెలు, బియ్యం, మసాలాలు అన్నీ మోసుకెళ్లాం. నేను చెట్టు కింద ఉర్దూ కితాబు పట్టుకుని కూర్చున్నాను. ఆమె రెండు రోజులూ పొయ్యి దగ్గరే ఉంది. తిరుగు ప్రయాణంలో 'ఎంత హాయిగా ఉంది కదూ' అన్నాను. ఆమె ఏమీ అనలేదు. ఆ మౌనం అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ప్రవక్త (స) ప్రయాణాల్లో తమ సతీమణులను వెంట తీసుకువెళ్లేవారు. ఎవరిని తీసుకువెళ్లాలో చీటీ వేసి నిర్ణయించేవారు. ఎవరికీ అన్యాయం జరగకూడదని అంత జాగ్రత్త! ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారు. ఆమె గెలిచారు. కొన్నేళ్ల తర్వాత మళ్లీ పందెం వేసి ఈసారి తాము గెలిచి, ఇది ఆనాటి దానికి బదులు అని నవ్వుతూ అన్నారు. అబూ దావూద్‌లో ఉన్న ఈ సంఘటనను మనం ఇళ్లల్లో ఎందుకు చెప్పుకోమో నాకు తెలియదు.

ఇక అబ్బా గారి అభ్యంతరం. ఆయన తట్టా చెమ్మస్ కాలపు మనిషి. బొగ్గు తట్టలకెత్తి మోసిన ఆ చేతులను చూస్తే ఎవరికైనా గౌరవం కలుగుతుంది. ఆయన మాటను తేలిగ్గా తీసేయకూడదు. అప్పు తీర్చవలసి ఉండి, జకాత్ చెల్లించవలసి ఉండి విహారానికి వెళితే ఆయన అన్నది నిజమే. వడ్డీకి తెచ్చిన డబ్బుతో వెళితే, ఇరుగుపొరుగు వాళ్లు వెళ్లారు కాబట్టి మనమూ వెళ్లాలనుకుంటే అప్పుడూ నిజమే. కాని ఇక్కడ అటువంటిదేమీ లేదు. చేతిలో ఉన్నది కార్మికుల వేతన ఒప్పందం ప్రకారం ప్రయాణానికని వచ్చే హలాల్ డబ్బు. అల్లాహ్ మార్గంలో ఖర్చు పెట్టిన దీనారు, బానిస విముక్తికి పెట్టింది, పేదకు ఇచ్చింది, ఆలుబిడ్డలపై పెట్టింది అని నాలుగింటిని పేర్కొని, ఎక్కువ పుణ్యం ఆలుబిడ్డలపై పెట్టినదానికే అని ప్రవక్త (స) చెప్పిన హదీసు ముస్లింలో ఉంది.

అయితే నేను ఆ సోదరుణ్ణి తిరిగి ఒక ప్రశ్న అడగవలసింది, అప్పుడు తోచలేదు. అబ్బాను కూడా రమ్మని పిలిచారా? ఆ నాలుగు రోజులు ఆయనకు మందులిచ్చేదెవరు? ముసలివాళ్లు ఒక్కోసారి 'ఇస్రాఫ్' అనడం వెనుక 'నన్ను వదిలి పోతారా' అనే మాట దాగి ఉంటుంది. ఆ రోజు సాయంత్రమే ఫోను చేసి ఈ సంగతి చెప్పాను.

ప్రయాణం విషయంలో కొన్ని మసాయిల్ కూడా అడిగాడు. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం సుమారు 77 కిలోమీటర్లు, అంతకు మించిన దూరం వెళ్లే ఉద్దేశంతో ఊరు దాటగానే మనిషి ముసాఫిర్ అవుతాడు. చేరిన చోట పదిహేను రోజులకు తక్కువ ఉండే సంకల్పం ఉంటే జొహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్‌లు రెండేసి రకాతులు చేయాలి. ఫజ్ర్, మగ్రిబ్ మారవు. స్థానిక ఇమామ్ వెనుక నిలబడితే నాలుగు పూర్తి చేయాలి. మన బేగంపేట రామగిరి ఖిల్లాకు వెళ్లి సాయంత్రానికి వచ్చేవారికి ఈ సడలింపు లేదు, అది దగ్గరే. (ఇతర మస్లక్ సోదరులు తమ ఆలిములను అడిగి ఆచరించుకోవచ్చు.) చలికాలంలో కొండ మీద నీళ్లు చల్లగా ఉన్నాయని తయమ్ముమ్‌కు దిగకూడదు, నీళ్లు కాచుకునే వీలుంది కదా. కష్టమైన వేళ వుజూ సంపూర్ణంగా చేయడం పాపాలను తుడిచేస్తుందని హదీసుల్లో ఉంది. తోలు మేజోళ్లు ఉంటే ముసాఫిర్ మూడు పగళ్లు, మూడు రాత్రుల వరకు వాటిపై మసహ్ చేయవచ్చు. పలుచటి నూలు సాక్సులకు ఇది వర్తించదు. ఖిబ్లా మనకు ఇక్కడున్నట్లే అక్కడా పడమర, కాస్త ఉత్తరం వైపు.

ఎక్కేటప్పుడు అల్లాహు అక్బర్, దిగేటప్పుడు సుబ్హానల్లాహ్ పలకడం సహాబా ఆచారం. ఘాట్ రోడ్డు మలుపుల్లో పిల్లలకు ఇది నేర్పితే వాళ్లు ఇక మరచిపోరు. ఇంకొకటి. నీటి వనరుల దగ్గర, దారిలో, జనం కూర్చునే నీడలో మలవిసర్జన చేసేవాడు శాపం కొనితెచ్చుకుంటాడని ప్రవక్త (స) హెచ్చరించారు. బిర్యానీ ప్లేట్లు, ప్లాస్టిక్ సీసాలు ఊట పక్కన పారేసి వచ్చేవారు ఈ హదీసు ముందు తమను తాము నిలబెట్టుకోవాలి. ఆ కొండ మనకు నాలుగు రోజుల విడిది. అక్కడి గిరిజన సోదరులకు అదే ఊరు, అదే పొలం, అదే మంచినీళ్లు.

ఆ కుటుంబం వెళ్లివచ్చింది. అబ్బా కూడా వెళ్లారు. వచ్చిన వారం జుమాకు ముందుగానే వచ్చి, నమాజయ్యాక ఆ సోదరుడు నాకో అరకు కాఫీ పొడి ప్యాకెట్ ఇచ్చాడు. విశాఖ నుండి అరకు వెళ్లే రైలు 50కి పైగా సొరంగాల గుండా పోతుంది. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు వేశారట, ఈయన మాత్రం క్యాప్ ల్యాంపు కోసం తల తడుముకున్నాడట. బొర్రా గుహలకు రమ్మంటే 'నేను చూసిన గుహలు చాలు' అని బయటే కూర్చున్నాడట. కొడుకు పక్కన అబ్బా కూడా అక్కడే కూర్చుని, తన తొలినాళ్ల బాయి సంగతులు చెప్పారట. ఆ ముచ్చట్లు ఇన్నేళ్లలో ఎన్నడూ వినలేదని చెప్పాడు.

నిద్ర పట్టిందా అని అడిగాను. మొదటి రెండు రాత్రులు పట్టలేదన్నాడు.

మిగతా సంగతి ఆయన భార్య మా ఇంటివారికి చెప్పింది. మూడో రోజు ఫజ్ర్ తర్వాత ఆమె మళ్లీ పడుకుందట. లేచేసరికి ఎండ కిటికీలో ఉంది. పొయ్యి దగ్గర ఆయన చాయ్ కాస్తున్నాడు, చక్కెర ఎక్కడుందో తెలియక డబ్బాలన్నీ మూతలు తీసి పెట్టాడు.