బల్ల మీద తూప్రాన్ దారి

ఒక సంఘటనను అది జరిగిన చోటుతో, అందులోని మనుషులతో సహా ఒకే నిష్పత్తిలో కుదించి బల్ల మీద నిలిపే నమూనాను డయోరామా అంటారు. 1822లో పారిస్‌లో డాగేర్, బూతోఁ అనే ఇద్దరు చిత్రకారులు పెద్ద తెరల మీద వెలుగునీడలు మార్చి చూపిన ప్రదర్శనకు పెట్టిన ఈ పేరు క్రమంగా ఈ బుల్లి దృశ్యాలకు స్థిరపడింది. యుద్ధ ఘట్టాలు కట్టేవారు తరచుగా వాడే నిష్పత్తి 1:35 కాబట్టి, ఐదున్నర అడుగుల మనిషి అందులో ఐదు సెంటీమీటర్లకు కాస్త తక్కువగా తేలుతాడు. చెర నుంచి పారిపోయే ఘట్టాలంటే ఈ కళలో మక్కువ ఎక్కువ. 1944 మార్చి 24 రాత్రి సాగాన్ బందీ శిబిరం నుంచి మిత్రరాజ్యాల వైమానికులు సొరంగం గుండా బయటపడిన ఉదంతానికి, 1963 నాటి సినిమా పుణ్యమా అని, మరీ ఎక్కువ. అయితే బయటపడిన 76 మందిలో 73 మంది మళ్లీ పట్టుబడ్డారనీ, వారిలో 50 మందిని కాల్చి చంపారనీ చెప్పే తీరిక అలాంటి నమూనాకు ఉండదు, ఎందుకంటే దాని చూపు సాధారణంగా కంచె దగ్గరే ఆగిపోతుంది.

హైదరాబాదుకూ ఇలాంటి ఉదంతం ఒకటి ఉంది. 1857 జూలై 17 సాయంత్రం తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో రొహిల్లాలు, నగరవాసులు కోఠీలోని రెసిడెన్సీ మీద, అంటే నిజాం కొలువులో బ్రిటిషు ప్రభుత్వ ప్రతినిధి నివసించే భవనం మీద దాడి చేశారు. దాడికి తక్షణ కారణం కూడా చెరే; కంపెనీ కొలువును ధిక్కరించి వచ్చిన జమాదారు చీదా ఖాన్‌నూ అతడి సహచరులనూ దివాను సాలార్‌జంగ్ పట్టించగా, వారిని విడిపించడానికే ఆ గుంపు కదిలింది. రాత్రంతా సాగిన కాల్పులు తెల్లవారుజామున ఓటమితో ముగిశాయి. తరువాత పట్టుబడి యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడిన తుర్రెబాజ్ ఖాన్ 1859 జనవరి 18న చెర నుంచి తప్పించుకున్నాడు, జనవరి 24న తూప్రాన్ దగ్గర అక్కడి తాలూక్‌దారు మీర్జా కుర్బాన్ అలీ బేగ్ చేతిలో చనిపోయాడు. అప్పటికి 1857 తిరుగుబాటు నాయకుల్లో ఒకడైన తాంతియా తోపే ఇంకా పట్టుబడలేదు, బ్రిటిషువారు శాంతి నెలకొందని ప్రకటించడానికి ఇంకా నెలలు పడుతుంది. కనుక ఇది యుద్ధం నడుస్తుండగానే జరిగిన పలాయనం.

ఈ ఉదంతాన్ని కట్టదలచినవారికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఎక్కడ ఆపాలన్నది. పారిపోవడం గోడ దాటిన క్షణంలో పూర్తికాదు. గోడ దాటాక ఆరు రోజులు ఉన్నాయి, నగరం నుంచి తూప్రాన్ దాకా సుమారు 50 కిలోమీటర్ల నేల ఉంది, 1:35 నిష్పత్తిలో చూసినా అది దాదాపు 1,430 మీటర్ల బల్ల. అంత బల్ల ఎవరూ వేయలేరు కనుక ఏదో ఒక తునక ఎంచుకోవాలి, ఆ ఎంపికలోనే కట్టేవాడి తీర్పు బయటపడుతుంది. గోడను ఎంచుకున్నవాడు సాహసాన్ని మెచ్చుకుంటున్నాడు, తూప్రాన్‌ను ఎంచుకున్నవాడు మరణానికి దండం పెడుతున్నాడు. ఆ రెంటి నడుమ మేడ్చల్ మీదుగా నాగపూర్ వైపు సాగే పాత బాటనూ, దానికి తూర్పున శామీర్‌పేట వైపు పరుచుకున్న గుట్టలనూ ఎంచుకున్నవాడు మాత్రం పారిపోయే మనిషి స్థితిని పట్టుకునే ప్రయత్నం చేస్తాడు. తుర్రెబాజ్ ఖాన్ అడుగు పడిన చోటు ఇదేనని ఆ నమూనా ప్రకటించకూడదు. ఇలాంటి నేల మీద ఒక మనిషి ఎక్కడ నక్కగలడు, ఎక్కడ దొరికిపోతాడు అన్నది చూపితే చాలు.

ఆ నేలను కట్టడం తేలిక పని కాదు. ఈనాటి మేడ్చల్ నుంచి ముందుగా తీసివేయవలసినవి ఔటర్ రింగ్ రోడ్డు, గోదాములు, రైలు పట్టాలు. 1859లో నిజాం రాజ్యంలో రైలే లేదు. ఇవి ఎవరికైనా తడతాయి. తట్టనివి మొక్కలు. శామీర్‌పేట బీళ్లలో నేడు ఎటు చూసినా కనిపించే సర్కారు తుమ్మ ఈ దేశానికి 1870ల ప్రాంతంలో వచ్చింది, దారి పక్కన తెల్లపూలతో ఊగే వయ్యారిభామ స్వాతంత్ర్యం తరువాత, 1950లలో వచ్చింది. వీటిని పీకేస్తే మిగిలేవి తాళ్లు, ఈతలు, వేపలు, నల్లతుమ్మలు, సీతాఫలం పొదలు, జనవరికి ఎండి పసుపెక్కిన గడ్డి. రాళ్ల సంగతి ఇంకా చిత్రమైనది. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి ఈ గ్రానైటు గుండ్ల నుంచే ఒక చిన్న ముక్క ఏరితెచ్చి బల్ల మీద పెడితే నిజానికి దగ్గరగా ఉంటుందనిపిస్తుంది గానీ, రాయిలోని గులాబిరంగు పలుకులు కుదించడానికి లొంగవు. సెంటీమీటరు పలుకు 1:35 లోకంలో జానెడున్నర పలుకై కూర్చుని, అసలు రాయి నకిలీగా కనబడుతుంది. అందుచేత తెలిసినవారు థర్మకోల్ చెక్కి, ప్లాస్టరు పూసి, రంగు చిలకరించి గుండ్లు చేస్తారు. నిజం కనబడాలంటే నిజమైన వస్తువును పక్కన పెట్టవలసి రావడం ఈ కళలోని వింత, చరిత్ర రాసేవారికీ తప్పని చిక్కు.

చెప్పవలసిన అసలు విషయం చూపుకు సంబంధించినది. నడుము ఎత్తు బల్ల మీది నమూనాను చూసేవాడు పైనుంచి చూస్తాడు. ఏ గుండు వెనక ఎవడు నక్కాడో, ఏ మలుపులో గుర్రపు రౌతులు కాచుకున్నారో ఒక్క చూపులో అతడికి తెలిసిపోతుంది. అది వేటగాడు కోరుకునే చూపు, పారిపోయేవాడికి ఒక్క క్షణం కూడా దక్కని చూపు. తుర్రెబాజ్ ఖాన్ దాడి చేసిన ఆ రెసిడెన్సీ వెనక తోటలోనే ఒక నమూనా ఉండడం ఇక్కడ గుర్తుకు తెచ్చుకోదగినది. భవనాన్ని కట్టించిన రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్, ఘోషాలో ఉన్నందున ముంగిలి వైపు రాలేని తన భార్య ఖైరున్నీసా కోసం ఆ మొత్తం కట్టడాన్ని బుల్లి రూపంలో చేయించాడని ప్రతీతి. కదలలేని మనిషికి బయటి లోకాన్ని తెచ్చి ఇచ్చిన నమూనా అది. పలాయన దృశ్యమైతే హాయిగా కదలగలిగే మనిషికి, కదలడమే ప్రాణాపాయమైన మరొక మనిషిని చూపుతుంది. మొదటిదానిలో పైచూపు కానుక, రెండోదానిలో అదే పైచూపు ఒక అన్యాయం. తలకు 5,000 రూపాయల వెల కట్టి ఒక మనిషిని వెతికించిన రాజ్యం చూపు కూడా అలాంటిదే. చంపిన తరువాత అతడి శవాన్ని నగరానికి తెచ్చి, నలుగురూ చూసేలా సంకెళ్లతో వేలాడదీసిన పాలకులకు ప్రదర్శన విలువ బాగా తెలుసు. ఆ ప్రదర్శనను మళ్లీ బల్ల మీద కట్టడం, ఎంత భక్తితో కట్టినా, వారి పనినే కొనసాగించడం అవుతుంది.

కాబట్టి మేడ్చల్ ప్రాంతపు బడిలోనో, ఇంటి గదిలోనో ఈ దృశ్యాన్ని కట్టదలచినవారు శవాన్ని వదిలేయాలి, సర్కారు తుమ్మను పీకేయాలి, బల్లను చూసేవారి కంటి ఎత్తుకు లేపాలి. అప్పుడు ముందున్న గుండు వెనక ఏముందో చూపరికీ కనబడదు.