దేవమాత స్వరూపం ప్రక్కన మందుల డబ్బా



ఇంటిని ఆశీర్వదించమని మీరు పిలిచినప్పుడు గురువుల చూపు మొదట పడేది దేవమాత స్వరూపం ఉంచిన అలమర మీదనే. జపమాల, కొవ్వొత్తి, గుణదల నుంచి తెచ్చిన పటం ఎప్పటి నుంచో అక్కడ ఉన్నాయి. ఈ మధ్య వాటి సరసన ఒక ప్లాస్టిక్ డబ్బా వచ్చి చేరింది. అందులో షుగరు బిళ్ళలు, బి.పి. బిళ్ళలు. "ఫాదర్ గారూ, ఈ మందుల్ని కూడా ఆశీర్వదించండి" అని తల్లులు అడుగుతారు. సంతోషంగా ఆశీర్వదిస్తాము. అది ముగియగానే లోపల నుంచి చిక్కని టీ వస్తుంది, గ్లాసుకు మూడు చెంచాల పంచదారతో. ప్రక్కన పళ్ళెంలో జంతికలు, మైసూరుపాకు. మందులకు ఆశీర్వాదం కోరిన ఇంటి పెద్దాయనే మొదటి గ్లాసు అందుకుంటారు!

నవ్వులాటకు ఈ మాట చెప్పడం లేదు. భారత వైద్య పరిశోధనా మండలి వారి అధ్యయనం 2023లో వెలువడింది. దాని ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల పైచిలుకు. ఇంకా రోగం రాకపోయినా దాని గట్టు మీద నిలబడి ఉన్నవారు 13 కోట్లకు పైనే. ఆ లెక్కలో మన విచారణలు కూడా ఉన్నాయి. మూత్రపిండాలు చెడి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళే తండ్రులు, కాలి పుండు మానక వేళ్ళు తీయించుకున్న తల్లులు, వారి కోసం పొలం అమ్మిన బిడ్డలు మీకు తెలియనివారు కారు.

"గురువులు ఆత్మ సంగతి చూడాలి గాని, మా కంచంలో అన్నం సంగతి ఎందుకు?" అని కొందరు అనుకోవచ్చు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2288వ సంఖ్య తీసి చూడండి. ప్రాణము, ఆరోగ్యము దేవుడు మనకు అప్పగించిన విలువైన వరాలని, ఇతరుల అవసరాలను కూడా దృష్టిలో ఉంచుకొని వాటిని తగిన విధంగా కాపాడుకోవాలని శ్రీసభ బోధిస్తోంది. అప్పగించినది అంటే మన సొంతం కాదు. "నా ఒళ్ళు, నా ఇష్టం" అనే మాట క్రైస్తవుని నోట రాకూడదు. ఆ ఒంటి మీద భార్యాబిడ్డల బ్రతుకు ఆధారపడి ఉంది.

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వినాసు గారి గ్రంథంలో ఒక ప్రశ్న మమ్ములను ఆశ్చర్యపరిచేది: మనిషి తన శరీరాన్ని దైవప్రేమతో ప్రేమించవలెనా? దేహం చెడ్డ శక్తి చేసినదని బోధించిన వారు పూర్వం ఉండేవారు. అక్వినాసు గారు ఆ మాటను ఖండించి, దేహాన్ని చేసింది దేవుడే గనుక దానిని ప్రేమించవలసిందేనని తీర్పు చెప్పారు. అస్సీసిపుర ఫ్రాన్సిసు గారు తన శరీరాన్ని "గాడిద తమ్ముడు" అని పిలిచేవారు. కఠోర ఉపవాసాలతో దానిని ఎంతో బాధపెట్టానని చివరి రోజుల్లో దానినే క్షమాపణ అడిగారని ఆయన చరిత్రలో చదువుతాము. మనం మన గాడిద తమ్ముణ్ణి పస్తులతో బాధపెట్టడం లేదు, మోయలేని మూటలు ఎత్తి బాధపెడుతున్నాము. (కండల కోసం అద్దం ముందు గంటలు గడిపే కుర్రవాళ్ళ సంగతి వేరు. శరీరాన్ని విగ్రహంగా చేసుకోవద్దని అదే సత్యోపదేశం ఆ మరుసటి సంఖ్యలోనే హెచ్చరిస్తోంది.)

ఇంతకీ మూట ఎక్కడ బరువెక్కింది? మన తాతలు ఏమి తిన్నారో గుర్తు చేసుకోండి. రాయలసీమలో రాగి సంగటి, పల్నాటిలో జొన్నన్నం, ఉత్తరాంధ్రలో చోడి అంబలి. ఆ ఇళ్ళలో వరి అన్నం పండుగకో, చుట్టం వచ్చినప్పుడో! 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు పేదవాని పొయ్యి మీద కుండ పడింది. అది చిన్న మేలు కాదు, దానిని తప్పుపట్టరాదు. కాని ఆనాటి మనిషి తెల్లవారి నాగలి పట్టేవాడు, బావి నీళ్ళు తోడేవాడు, సంతకు నడిచి వెళ్ళేవాడు. పని పోయింది, కంచంలో అన్నం గుట్ట మాత్రం అలాగే ఉంది. పైగా మర పట్టి తవుడంతా తీసేసిన బియ్యంలో పీచు ఉండదు. అది త్వరగా అరిగి రక్తంలోకి చక్కెరగా దిగుతుంది.

అన్నం మానమని నేను చెప్పను. చెప్పినా మీరు వినరు! గుట్టను సగం చేసి, ఆ ఖాళీలో పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, చేప పెట్టుకోండి. ఒక పూట జొన్నరొట్టెకో సంగటికో ఇవ్వండి. ఉప్పు మనిషికి రోజుకు ఐదు గ్రాములకు లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక టీ చెంచాడు. ఆవకాయ, ఎండుచేప, అప్పడం ఒకే కంచంలో కలిస్తే ఆ చెంచా ఎప్పుడో నిండిపోతుంది. చుట్ట, బీడి, సారా సంగతి నేను విడిగా చెప్పనక్కరలేదు, మీ ఇంటి ఆడవాళ్ళు చెబుతూనే ఉన్నారు.

ఇక నడక. ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరిగే గుణదలమాత ఉత్సవాలలో కొండ మెట్లన్నీ జపమాల చెప్పుకుంటూ ఎక్కుతారు. తిరిగి వచ్చాక వీధి చివరి గుడికి మోటారు సైకిలు మీద వస్తారు! వారానికి 150 నిమిషాల చురుకైన నడక చాలని వైద్యులు అంటున్నారు. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. ఆ అరగంటలో జపమాల యాభైమూడు మంగళవార్త జపాలూ తీరికగా పూర్తవుతాయి. చెవిలో సినిమా పాటకంటే అది మేలు కదా!

"ఇంత చిన్న మార్పుతో ఏమవుతుంది?" అని అడిగేవారికి ఒక సంగతి చెబుతాను. చైనాలో దాచింగ్ అనే ఊరు ఉంది. 1986లో అక్కడి 33 ఆసుపత్రులలో, షుగరు రోగపు గట్టు మీద ఉన్న 577 మందితో ఒక పరిశోధన మొదలుపెట్టారు. కొందరికి ఆహారం మార్పించారు, కొందరిని వ్యాయామం చేయించారు, కొందరికి రెండూ. మిగిలినవారిని మామూలుగా వదిలేశారు. ఆరేళ్ళు అలా జరిపి ఆపేశారు. ముప్పై ఏళ్ళ తర్వాత వారందరి లెక్కా తీసి 2019లో ప్రచురించారు. మార్పు చేసుకున్నవారికి షుగరు రోగం ఇంచుమించు నాలుగేళ్ళు ఆలస్యంగా వచ్చింది. గుండె, రక్తనాళాల జబ్బులతో చావులు మూడో వంతు తగ్గాయి. ఆరేళ్ళ క్రమం ముప్పై ఏళ్ళు ఫలించింది! మన ప్రక్కనే చెన్నైలో 531 మందితో చేసి 2006లో ప్రచురించిన పరిశోధనలో, తిండి, నడక మార్చుకున్నవారికి వచ్చిన మేలు, మెట్‌ఫార్మిన్ బిళ్ళ మింగినవారికి వచ్చిన మేలు ఇంచుమించు సమానమని తేలింది. రోగం ఇప్పటికే ఉన్నవారు ఇది విని బిళ్ళలు మానేరు సుమా! డాక్టరు గారు చెప్పకుండా ఒక్క బిళ్ళ కూడా ఆపవద్దు.

దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం మీకు తెలిసిందే. రాజు పంపిన మాంసము, ద్రాక్షసారాయము వద్దని, కూరలు, నీళ్ళు పెట్టి పది దినాలు పరీక్షించమని దానియేలు అడిగాడు. మనం తరచు గమనించని విషయం ఒకటుంది. అతడు ఒంటరిగా అడగలేదు. హనన్యా, మిషాయేలు, అజర్యా అతనితో కూర్చొని అదే తిన్నారు. మన ఇళ్ళలో మాత్రం షుగరు వచ్చిన మనిషికి వేరే గిన్నె, వేరే రొట్టె. ఇంటిల్లిపాదీ బిర్యాని తింటుంటే ఆయన ఒక్కడే మూలన చప్పిడి కూర తినాలి. ఎన్నాళ్ళు తింటాడు? పది రోజులు. పదకొండో రోజు దొంగతనంగా సంచిలో లడ్డు పెట్టుకుంటాడు. కుండ ఒక్కటిగా మారకపోతే మనిషి ఒక్కడు మారలేడు. ఇది వైద్యం కంటే ముందు కుటుంబ ప్రేమకు సంబంధించిన మాట. బిడ్డలకు కూడా అదే భోజనం అలవాటయితే గట్టు దగ్గరకు రాకుండానే పెరుగుతారు.

ఉపవాసం సంగతి కూడా చెప్పాలి. విభూతి బుధవారం, పవిత్ర శుక్రవారం 18 ఏళ్ళు నిండినవారు మొదలు 59 నిండేవరకు ఉపవాసం ఉండాలని శ్రీసభ చట్టం. రోగులకు ఆ నిర్బంధం లేదు. ఇన్సులిన్ తీసుకునే తల్లులు పంతంగా పస్తుండి గుడిలో కళ్ళు తిరిగి పడిపోవడం భక్తి కాదు. ఇక ఆరోగ్యవంతులు నలభై రోజులు మాంసం మాని, పాస్కా పండుగనాడు మధ్యాహ్నానికే ఆ బాకీ అంతా వడ్డీతో వసూలు చేసుకుంటారు! తపస్సుకాలంలో నేర్చుకున్న మితంలో కొంతైనా పెంతెకోస్తు దాకా నిలవకపోతే ఆ నలభై రోజులు క్యాలెండరులో తప్ప మనలో లేనట్టే.

ఒక హెచ్చరిక. ఎవరికైనా రోగం వస్తే "తిని తిని తెచ్చుకున్నాడు" అని వేలు చూపకండి. పుట్టు గ్రుడ్డివానిని చూసి, ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసిపుచ్చారు. వంశంలో వచ్చేది, పేదరికం తెచ్చేది, పొట్టకూటి పనిలో పట్టుకునేది ఎంతో ఉంది.

విచారణ పండుగ విందు గురించి సలహా సంఘాల వారు కూర్చొని మాట్లాడుకోండి. బిర్యానితో పాటు ఒక పెద్ద గంగాళం కూర, మజ్జిగ పెడితే పండుగకు లోటేమీ రాదు. మరొక మాట, బిడ్డలకు. మన ఇళ్ళలో అమ్మ అందరికీ వడ్డించి, అడుగున మిగిలిన అన్నం, పచ్చడితో సరిపెట్టుకుంటుంది. కళ్ళు తిరిగినా "నాకేం, బాగానే ఉన్నాను" అంటుంది. ఈసారి నాన్నగారిని పరీక్షకు తీసుకువెళ్ళినప్పుడు అమ్మను కూడా పరగడుపున వెంటబెట్టుకుపోయి, ఆమె రక్తం కూడా చూడమని అడగండి.