దారి చూపేవాళ్లు

మనకి దేనికైనా కరువొచ్చిందేమోగాని, దారి చూపేవాళ్లకి మాత్రం ఏనాడూ రాలేదు. అమ్మాయి ఇంటర్ పాసయిందని తెలిస్తే చాలు, పాలుపోసే ఆయన దగ్గర్నుంచి పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చున్నావిడ దాకా తలా ఒక దారి చూపిస్తారు. ఆ దారిన మీరెప్పుడైనా నడిచారా అని అడగడం మర్యాద కాదు గనక మనమూ తలూపి వూరుకుంటాం.

అసలు 'దారి' అన్న మాటని ఇంట్లో మనం ఎన్ని రకాలుగా వాడతామో చూడండి. వూరికి కొత్తగా వచ్చినవాళ్లకి దారి 'చూపిస్తాం'. అల్లరి పిల్లవాణ్ణి దారిలో 'పెడతాం'. కొత్త కోడల్ని దారికి 'తెచ్చుకుంటాం'. మాట ఒకటే. కాని మొదటిదాంట్లో దారి ఆ వచ్చిన మనిషిది. రెండోదాంట్లో మనం మంచిదనుకున్నది. మూడోదాంట్లో అచ్చంగా మనదే! చూపించడంతో మొదలైన పని లాక్కురావడం దాకా వచ్చింది. ఎవరికైనా నాలుగు మాటలు చెబుతున్నప్పుడు యీ మూడింట్లో ఏది చేస్తున్నామో ఒక్కోసారి మనకే తెలియదు.

ఇక పెద్దమాట 'మార్గదర్శి'. ఇది సన్మానసభల్లో ఎక్కువగా వినిపిస్తుంది. శాలువా కప్పించుకున్న ప్రతివారూ యువతరానికి మార్గదర్శే. ఈ మాటకి చుట్టాలు కూడా వున్నారు: సర్కారువారు విడుదల చేసే 'మార్గదర్శకాలు', పరీక్షల ముందు పిల్లలు పరుగెత్తి కొనుక్కొచ్చే 'గైడు'. కాని మాటని విడదీసి చూస్తే తమాషాగా వుంటుంది. దూరదర్శి అంటే దూరం చూడగలవాడు. ఆ లెక్కన మార్గదర్శి అంటే మార్గాన్ని తాను చూసినవాడు. ఇతరులకి చూపించడం ఆ తర్వాతి సంగతి.

అలాంటివాణ్ణి వెతకాలంటే మా గోదావరిఖనిలో సభలకి వెళ్లనక్కర్లేదు, బొగ్గుబాయి దగ్గరికి వెళ్లాలి. ఇంక్లైన్ అంటే భూమిలోకి ఏటవాలుగా దిగే దారి. మావైపు ఎయిట్ ఇంక్లైన్ కాలనీ అని ఒక పెద్ద కాలనీయే వుంది. దారుల పేర్లే చిరునామాలైన చోటు మాది. ఆ దారుల్లో ముందు నడిచేవాణ్ణి ఎవరూ మార్గదర్శి అనరు. 'సర్దారు' అంటారు.

సర్దార్ అన్నది పారశీకం నుంచి వచ్చిన మాట. అధిపతి అని అర్థం. పేరు వినగానే మీసం మెలేసి కుర్చీలో కూర్చున్న మనిషి కళ్లముందు మెదులుతాడు. కాని గనిలో మైనింగ్ సర్దార్ అంటే, షిఫ్టు జనం పని మొదలుపెట్టకముందే తాను వెళ్లి ఆ చోటు చూడవలసినవాడు. కర్రతో పైకప్పుని తట్టి చూస్తాడు. ఖంగుమంటే రాయి గట్టిగా వున్నట్టు, డొల్లగా మోగితే పొర విడిపోతున్నట్టు. గాలి ఆడుతోందా లేదా చూస్తాడు. ఆయన చేతి దీపం ఇంగ్లండులో హంఫ్రీ డేవీ 1815లో తయారుచేసిన రక్షణదీపం వంశంలోది. దాని మంట మీద లేత నీలిరంగు టోపీ కనిపిస్తే మీథేన్ వాయువు వున్నట్టు. ఇప్పుడు కొలిచే మీటర్లూ వచ్చాయి, ముందు వెళ్లవలసిన మనిషి మాత్రం వుండనే వున్నాడు. చోటు ప్రమాదమనిపిస్తే అక్కడి వాళ్లని వెనక్కి పంపి, ఎవరూ పోకుండా అడ్డు కట్టించాలి. చూసిందంతా పుస్తకంలో రాసి కింద సంతకం పెట్టాలి.

చూశారా, మాటలు రెండూ ఇళ్లు మార్చుకున్నాయి! మార్గాన్ని చూసినవాడన్న పేరుగలాయన వేదిక మీద కూర్చుంటే, అధిపతి అన్న పేరుగలాయన చీకట్లో ముందు నడుస్తున్నాడు.

మా వీధిలో రిటైరైన సర్దారు ఒకాయన వున్నారు. "ముందు పోవుడు కష్టం గాదు బిడ్డా. ఏం లేదు, అంతా మంచిగున్నదని రాసి సంతకం పెట్టేటప్పుడు చెయ్యి ఆగుతది. ఆ రాతను నమ్ముకొని మంది దిగుతరు" అన్నారు ఒకసారి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్లు ఒక్కసారిగా వచ్చిపడి 17 మంది కార్మికులు చనిపోయారు. అలాంటి రోజుని చూసిన వూళ్లో "ఫర్వాలేదు, పదండి" అన్న మాట బరువెంతో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అదే మాట మనం ఇళ్లలో ఎంత తేలిగ్గా అనేస్తాం! ఆ సంబంధం ఖాయం చేసెయ్యండి, ఫర్వాలేదు. వుద్యోగం మానెయ్యమనండి, ఫర్వాలేదు. కింద సంతకం పెట్టమంటే మనలో ఎందరం మిగులుతాం?

అలాగని, తాను నడవని దారి గురించి అసలు నోరెత్తకూడదా? ఇదే నన్ను వేధిస్తున్న ప్రశ్న. మొన్నామధ్య ఎదురింటి పిల్ల మైనింగ్ డిప్లొమా చదువుతానంటోందని వాళ్లమ్మ నా దగ్గరికొచ్చింది. "ఏం జెయ్యమంటవక్కా?" అంది. 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్లని భూగర్భంలో పనికి దిగనివ్వలేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనుల్లోని స్త్రీలు పగటిపూట దిగవచ్చునని సడలించింది. మా అత్తగార్ల కాలం నుంచీ టిఫిను డబ్బా కట్టిచ్చి, సైరన్ విని, మనిషి గుమ్మంలోకి వచ్చేదాకా ఎదురుచూసినవాళ్లమే మేమంతా. లోపల ఏముందో మాకేం తెలుసు? వెళ్లమంటే అది తెలియని ధైర్యం. వద్దంటే తెలియని భయం.

అయితే "నాకు తెలియదమ్మా" అని తలుపు వేసుకోవడం కూడా దారి చూపడం కాదు. సర్దారు మాత్రం రేపు తవ్వబోయే చోటుని నిన్ననే చూసివుంటాడా? బొగ్గు తీసేకొద్దీ కొత్త చోటు ఎదురవుతూనే వుంటుంది. ఆయన చూసినంతవరకే చూశానని రాస్తాడు. చూడనిచోట తట్టుకుంటూ అడుగు వేస్తాడు. గనికి బయటపడే దారులు కనీసం రెండుండాలని నియమాల్లోనే వుంది.

నేనూ ఆవిడతో అదే అన్నాను. "ఆ పని చేస్తున్న అమ్మాయిల్ని వెతికి మాట్లాడదాం. ఖర్చెంతవుతుంది, వేళలేమిటి, నచ్చకపోతే వేరే దేంట్లోకి మారవచ్చు అన్నవి మనం తట్టి చూడగలిగినవి. ఆ పైన నడక పిల్లది. మధ్యలో తిరిగొస్తే 'నే చెప్పలేదూ' అనకుండా తలుపు తియ్యడం నీది."

ఆవిడకి నా జవాబు రుచించినట్టు లేదు. "పొమ్మంటవా, వద్దంటవా, ఒక్క మాట జెప్పరాదు" అంది. ఆ ఒక్క మాట చెప్పేవాళ్లు మా వీధినిండా వున్నారు. అయినా వచ్చే ఆదివారం ఇద్దరం కలిసి ఆ వుద్యోగం చేసే అమ్మాయి ఇంటికి వెళ్తున్నాం, పిల్లని కూడా వెంటబెట్టుకుని. మీ దగ్గరికే వచ్చి అడిగితే మీరేమనేవారో కాస్త ఆలోచించండి.