నడిసముద్రంలో ఆత్మరక్షణ

చేపల వేటకు పోయేవాడు ప్రాణరక్షణకు తుపాకి వెంట తీసుకుపోవచ్చునా? ఇందుకూరుపేట తీరాన, మైపాడులో, ఇది ఊసుపోక వేసే ప్రశ్న కాదు. పొరుగు రాష్ట్రపు మరపడవలతో తగాదాలు నెల్లూరు జాలరులకు కొత్తవి కావు. పిలిస్తే పలికే పోలీసు సముద్రం మీద ఉండడు.

1878 ఆయుధ చట్టం తెల్లవాడికి మినహాయింపునిచ్చి మనల్ని నిరాయుధుల్ని చేసింది. కనుక పేదవాడికి ఆయుధమెందుకనే పెద్దమనుషుల మాట నాకు రుచించదు.

అయితే భయపడ్డవాడే తీర్పరి అయితే? 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి ఆవల, ఎన్రికా లెక్సీ అనే ఇటలీ ఓడ మీది సైనికులు సముద్రపు దొంగలనుకొని ఇద్దరు జాలరులను కాల్చి చంపారు. అదీ ఆత్మరక్షణ పేరిటే. మైపాడు జాలరి పేల్చినా గుండు తగిలేది ఎదుటి పడవలోని కూలివాడికే. యజమాని ఒడ్డున ఉంటాడు.

1994 నాటి రాష్ట్ర చట్టం తీరం నుంచి 8 కిలోమీటర్ల మేర చిన్న పడవలకే వదిలింది. అక్కడ కాపలా ఏదని ముందు ప్రభుత్వాన్ని నిలదీయాలి; తుపాకి లైసెన్సు సంగతి తరువాత.