మట్టి అత్తరు ఎవరికి నప్పుతుంది?

సెంట్లు అమ్మేవాళ్ళు మనుషుల్ని వాసనల ప్రకారం పంచిపెడతారు. పూల వాసన సున్నితమైనవాళ్ళకట. నిమ్మ వాసన చురుకైనవాళ్ళకట. తడిమట్టి, ఎండుటాకులు, వట్టివేళ్ళు గుర్తొచ్చే శరత్కాలపు వాసన నెమ్మదస్తులకు, లోతైనవాళ్ళకు, తమ మీద తమకు నమ్మకం వున్నవాళ్ళకు నప్పుతుందట. ఈ లెక్కలో వ్యక్తిత్వం ముందు, వాసన తర్వాత. మనిషి తనెవరో తేల్చుకుని, దానికి తగిన సీసా కొనుక్కుంటాడు.

ముస్లిం దగ్గరికొచ్చేసరికి ఈ వరస తిరగబడుతుంది. వాసన ముందు, వ్యక్తిత్వం తర్వాత. జుమ్మా నమాజు చదువుకుని గాజువాక బస్సెక్కిన మనిషి చెవి మడతలో అత్తరు దూది వుంటే చాలు, అతను నోరు విప్పకముందే అతనెవరో తేలిపోతుంది. ‘ఏం సాయిబూ, ఘుమఘుమలాడిపోతున్నావ్’ అని ఒకరు నవ్వుతారు. ఒకరు కిటికీ తెరుస్తారు. నవ్వినవాడు మంచివాడే కావచ్చు. కిటికీ తెరిచినవాడికి ఉక్కపోసి వుండొచ్చు. అది ఉక్కో, ఇంకేదైనానో తేల్చుకోవాల్సిన పని మాత్రం ఆ దూది పెట్టుకున్నవాడిదే. ఖాదర్ మొహియుద్దీన్ 1991లో ‘పుట్టుమచ్చ’ రాసి ముస్లిం మీద పుట్టుకతోనే పడే అనుమానపు ముద్ర గురించి తెలుగులో మాట్లాడాడు. ఆ ముద్ర కంటికే కాదు, ముక్కుకీ తెలుస్తుంది.

ఇంతకీ ఆ దూదిలో వున్నది మట్టి అత్తరైతే? ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో చేస్తారు దాన్ని. మట్టిని బిళ్ళలుగా చేసి కాల్చి, రాగి డేగిసాలో నీళ్ళతో పాటు వేసి, మూత చుట్టూ మట్టితోనే మెత్తి కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా ఇంకో రాగి పాత్రలోకి పోతుంది. ఆ పాత్రలో చందనం నూనె వుంటుంది. మట్టి వాసనను పట్టి నిలిపేది ఆ చందనమే. అది లేకపోతే తొలకరి వాసన లాగే వచ్చి వెళ్ళిపోతుంది. చందనం ధర భరించలేక ఇప్పుడు వేరే నూనెలు వాడేవాళ్ళూ వున్నారు.

విశాఖలో చందనం గురించి ఎవరికీ చెప్పక్కర్లేదు. సింహాచలం అప్పన్న ఏడాది పొడుగునా చందనం పూతలోనే వుంటాడు. వైశాఖంలో అక్షయ తృతీయ నాడు ఒక్కరోజే నిజరూపం. దర్గాల్లో ఉర్సు వచ్చిందంటే సమాధికి గంధం పూస్తారు. హార్బరు మొగ దగ్గర మూడు కొండల మీద గుడి, చర్చి, ఇసాక్ మదీనా దర్గా పక్కపక్కనే వున్నాయి. ఓడలు క్షేమంగా తిరిగొచ్చినందుకు హిందూ ఓడ యజమానులు ఆ దర్గాకు వెండి పడవలు మొక్కుగా ఇచ్చేవారని పాత ఇంగ్లీషు రాతల్లో వుంది.

ఇదంతా రాయగానే నా చేతిలో ఒక రుజువు తయారైంది. చూశారా, నా అత్తరులో మీ చందనం, మన మట్టి, ఇక నేను పరాయివాణ్ణెలా అవుతాను అని చూపించొచ్చు. ఉచ్చు అక్కడే వుంది. ఈ రోజు మట్టి అత్తరు చూపిస్తే, రేపు క్రికెట్ మ్యాచి నాడు ఇంకోటి చూపించమంటారు. ఆగస్టు పదిహేనున మరోటి. రుజువు ఇవ్వటానికి ఒప్పుకున్నామంటే, అడిగే హక్కు వాళ్ళకుందని ఒప్పుకున్నట్టే.

పైగా మట్టి సంగతి అడిగేవాళ్ళకే సరిగ్గా తెలియదు. వానకు లేచే మట్టి వాసన మీద 1964లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆస్ట్రేలియాలో పరిశోధన చేసి దానికి ‘పెట్రికార్’ అని పేరు పెట్టారు. వాళ్ళ పేర్లు ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్. కన్నౌజ్ వాళ్ళ అత్తరు సంగతి కూడా వాళ్ళు రాశారు. వాళ్ళు చెప్పిందేమిటంటే, చెట్లూ చేమలూ విడిచిన నూనెలను ఎండిన మట్టి, రాళ్ళు పీల్చుకుని దాచుకుంటాయి. తేమ తగలగానే వదిలేస్తాయి. దానికి మట్టిలో బతికే సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ తోడవుతుంది. అంటే మట్టిదని మనం మురిసిపోయే వాసన దాని మీదా, దాని లోపలా బతికినవాటిది. ఎవరూ బతకని మట్టికి ఆ వాసన రాదు. తెలుగు విమర్శకులు కథ బాగుంటే ‘మట్టి వాసన వుంది’ అని మెచ్చుకుంటారు. ఆ మాటలో బతికిన వాళ్ళందరూ వున్నారా, కొందరేనా?

ఇక్కడ ఇద్దరు అడ్డు తగులుతారు. ఒకరు సెక్యులర్ మిత్రుడు. ‘ఈ గుర్తులన్నీ ఎందుకు, ఆ దూది తీసేస్తే గొడవే లేదుగా’ అంటాడు. అగరుబత్తీ వాసననూ మల్లెల వాసననూ ఎవరూ గుర్తులనరు. అందరికీ అలవాటైనవి గనక వాటికి మతం వున్నట్టే కనపడదు. రెండో ఆయన మా పెద్దమనిషి. ‘అత్తరు సున్నత్, పూసుకోవాల్సిందే’ అంటాడు. అదే ఆయన, ఆడవాళ్ళు అత్తరు పూసుకుని గడప దాటకూడదంటాడు. పండగ పూట అబ్బా అత్తరుతో ఈద్గాకు వెళ్తే, అమ్మీ వొంటి మీద మిగిలేది బిర్యానీ పొగ. ఇక మాలో మాకు దూదేకులవాడంటే చిన్నచూపు. చెవిలో పెట్టుకునే ఆ దూదిని ఏకింది ఎవరో అత్తరు పూసుకున్న షరీఫులు ఎన్నడూ తలచుకోరు.

అసలు ఏ వాసన నప్పుతుందో ఎంచుకునే వీలు ఎందరికుంది? పాత పోస్టాఫీసు ప్రాంతంలో వాళ్ళ గోడల మీదా బట్టల మీదా పోర్టు నుంచి వచ్చే బొగ్గు పొడి, బైలదిల్లా ఇనుప రాయి దుమ్ము పడుతుంది. అదీ మట్టే. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి వచ్చిన స్టైరిన్ వాసన పన్నెండు మంది ప్రాణాలు తీసింది. అది ఎవరి వ్యక్తిత్వమూ అడగలేదు.

విశాఖలో శరత్తు ఆకులు రాలే కాలం కాదు, తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న వచ్చిన తుఫానుకు హుద్‌హుద్ అని పేరు. ఖురాన్‌లో సులైమాన్ ప్రవక్తకు కబురు తెచ్చిన పిట్ట పేరు అది. ఆ ఒక్క రోజుతో చెట్లన్నీ మోడులయ్యాయి. విరిగిన కొమ్మల వాసన, తడిసిన మట్టి వాసన పేటపేటకూ ఒక్కటే అయ్యింది. ఆ రోజు దాన్ని సాయిబు వాసన అన్నవాళ్ళు లేరు.

అందుకని నాకు తోచేదిది. పూసుకునేవాడు సంజాయిషీ లేకుండా పూసుకోవాలి. మానేసేవాడు సంజాయిషీ లేకుండా మానేయాలి. ఇష్టం అన్నది చూపుల మధ్య పుట్టేదే, దాంట్లో కాస్త పంతం కూడా వుండొచ్చు. వుంటే వుండనీ. బస్సెక్కే ముందు భయపడి దూది తీసేసినవాణ్ణి పిరికివాడనే హక్కు మనకు లేదు. తప్పు తీసినవాడిది కాదు, తీసేలా చేసిన చూపుది.

ఇక మట్టి వాసన ఏ వ్యక్తిత్వానికి నప్పుతుందంటారా? మట్టి తన మీద బతికిన ప్రతిదాని నుంచీ కాస్త తీసుకుని, ఎండంతా దాచి, వాన పడ్డ నాడు పేరు అడక్కుండా అందరికీ ఇస్తుంది. ఆ గుణం వున్నవాళ్ళకు నప్పుతుంది, వాళ్ళ పేరేదైనా సరే. పేరు విన్నాక ఇల్లు అద్దెకివ్వాలో వద్దో తేల్చుకునేవాళ్ళకు మాత్రం, సీసాలకు సీసాలు పూసుకున్నా నప్పదు.