పాత గుమ్మము – దోషవిచారము

ఒక యింట తరతరములు నిలిచిన ద్వారబంధమును మఱియొక యింట నిలుపరాదనియు, ఒకరి యిల్లు విప్పిన దూలములను, వాసములను తెచ్చి కప్పు వేసికొన్నవారికి ఆ యింటి కష్టములు కూడ సంక్రమించుననియు మన పెద్దలు చెప్పుచుందురు. ఈ మాటను మూఢవిశ్వాసమని త్రోసివేయుట సులభమే కాని, దాని యడుగున నొక ధర్మశంక కలదు: అచేతనమైన కొయ్య తన నీడను బ్రదికిన మనుష్యుల పుణ్యపాపములను మోయగలదా?

మోయజాలదని నా నిశ్చయము. కర్మకు కర్త కావలెను, కర్తకు సంకల్పము కావలెను. సంకల్పమెఱుగని టేకుకొయ్యకు పాపము లేదు. ఆగమములు సైతము ఈ విషయమున ఉదారములే. ఆలయము శిథిలమైనపుడు మూలబింబమునందలి దైవశక్తిని కలశమున ఆవాహన చేసి, బాలాలయమున నిలిపి, నిత్యార్చన మానక, పని ముగిసిన పిమ్మట సంప్రోక్షణతో యథాస్థానమునకు చేర్చుట జీర్ణోద్ధరణ విధి. శ్రీశైలము జలాశయమున మునుగవలసిన కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి అలంపురమున మరల కూర్చినారు. చాళుక్యులనాటి ఆ శిలలు చోటు మారినందున అపవిత్రములు కాలేదు.

అయినను దోషమనునది అసలే లేదనను. అది గ్రహించిన తీరునందు పుట్టును. అమరావతి స్తూపమునే చూడుడు. క్రీస్తునకు పూర్వము బోధివృక్షపూజను చెక్కిన పలక నొకదానిని, క్రీ.శ. 3వ శతాబ్ది శిల్పులు వెనుకకు త్రిప్పి, ఆ ముఖమున స్తూపరూపమును చెక్కి, పూర్వశిల్పమును చెఱుపక, మరల ఆ స్తూపమునకే అలంకరించిరి. ఇరువైపుల శిల్పముతో అది నేడు బ్రిటిష్ మ్యూజియమున నున్నది. దిబ్బగా మిగిలిన అదే స్తూపమును 18వ శతాబ్ది చివర క్రొత్త కట్టడములకు రాయి కావలెనని త్రవ్విరి. 1816లో సర్వే అధికారియైన మెకంజీ దొర చిత్రములు వ్రాయించుటకు మరల వచ్చునప్పటికి చాలభాగము నశించిపోయినది. తొలివారు ఆ రాతిని పూజ్యవస్తువుగా నెఱిగి తాకిరి. తరువాతివారికి అది వట్టి రాయి.

నేడు మన మండువా లోగిళ్లు విప్పబడుచున్నవి. చెక్కడపు గుమ్మములు, నిట్రాళ్లు, పెంకులు బండ్లకెక్కి ఎచ్చటికో పోవుచున్నవి. వానిలో కొన్ని సంతోషముతో ఇచ్చినవి. కొన్ని అన్నదమ్ముల వ్యాజ్యములలోను, అప్పులవారి యొత్తిడికిని, వృద్ధురాలైన తల్లి యేడ్చుచుండగా ఊడబెఱికినవి. పెద్దలు భయపడినది ఈ కన్నీటికే యని నేను నమ్ముదును.

కావున పాత గుమ్మమును కొనదలచినవారు ముహూర్తము నడుగుటకు ముందు ఆ యింటివారి నడుగుడు. తృప్తిగా నిచ్చిరో, గతిలేక విడిచిరో తెలిసికొనుడు. తృప్తిగా నిచ్చినదైన, గడపకు పసుపు పూసి, బొట్టు పెట్టి, నిస్సంశయముగా నిలుపుకొనుడు.